మేడమీది మేనమామ

శ్రీకాకుళం మనుషులకు ఒక జబ్బుంది. ఎదుటివాడి పేరు తెలియకపోయినా సర్దుకుంటారు, ఊరు తెలియకపోయినా ఎలాగో సర్దుకుంటారు, వరస కుదరకపోతే మాత్రం వాళ్ళకి నోట్లో ముద్ద దిగదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు దిగేలోపు బావో, మావో, ఏదో ఒకటి అయిపోవాలి. లేకపోతే ఆ ప్రయాణం దండగ.

ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పకుండానే చికోండిని తీసుకొచ్చి ఆ ఊరి చివర ఇంజినీరింగ్ కాలేజీలో పడేశారు. ఆఫ్రికాలో మలావీ దేశం అతనిది. అక్కడ సముద్రం లేదు గానీ సముద్రమంత సరస్సుంది, ఆ ఒడ్డునే వాళ్ళ ఊరు. వచ్చిన మొదటి ఏడాది, అంటే 2015లో, అతనికి శ్రీకాకుళం అంటే ఫోన్లు. కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడితే చాలు, నలుగురు కుర్రాళ్ళు వచ్చి "బ్రో, ఒక్క సెల్ఫీ" అనేవారు. భుజం మీద చెయ్యి వేసేవారు, పళ్ళన్నీ కనపడేలా నవ్వేవారు, ఫోటో పడగానే చెయ్యి తీసేసి ఫోన్‌లోకి చూసుకుంటూ వెళ్ళిపోయేవారు. చూపులకి అతను అలవాటు పడ్డాడు. జుట్టు ముట్టుకుని చూసే ముసలమ్మలకి అలవాటు పడ్డాడు. భుజం మీంచి జారిపోయే ఆ చేతికి మాత్రం అలవాటు పడలేకపోయాడు. ఎంత తుడుచుకుందామన్నా అది మనసుకి తగిలేది.

కాలేజీలో కుర్రాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ల్యాబులో సాయం చేస్తారు, పుట్టినరోజుకి కేకు మొహానికి పూస్తారు, "మా ఇంటికి రావాలి బ్రో" అని కూడా అంటారు. ఎప్పుడు రమ్మంటావు అని అడిగితేనే కంగారు పడతారు. క్యాంటీన్‌లో మళ్ళీ వాళ్ళ బల్ల వాళ్ళది, విదేశీ కుర్రాళ్ళ బల్ల విదేశీ కుర్రాళ్ళది.

చికోండితో పాటు గదిలో ఉండే దావిత్ ఇథియోపియావాడు, ఒక ఏడాది సీనియర్. ఆ కుర్రాడు ఇలాంటి విషయాల్లో ఆరితేరిపోయాడు. "మనం డిగ్రీకి వచ్చాం, చుట్టరికానికి కాదు. నవ్వమంటే నవ్వు, ఫోటో దిగమంటే దిగు, గదికొచ్చి తలుపేసుకో" అని ఇంగ్లీషులో బోధించేవాడు. ఏడాదికి పైగా ఈ ఊళ్ళో ఉండి దావిత్ నేర్చుకున్న తెలుగు మాటలు రెండే, 'ఎంత', 'వద్దు'. వాటితోనే కాలం వెళ్ళదీస్తున్నాడు.

వాళ్ళ గది కళింగపట్నం వెళ్ళే రోడ్డులో హరిబాబు ఇంటి మేడ మీద ఉండేది. హరిబాబు ఆటో తోలతాడు. అతని భార్య దేముడమ్మ చేపల వ్యాపారం చేస్తుంది. మార్కెట్‌లో అమ్ముడవగా మిగిలిన నెత్తళ్ళు తెచ్చి మేడ మీద పరిచి ఎండబెట్టేది. ఆ వాసనకి అంతకు ముందు అద్దెకున్న లెక్చరరుగారు నెల తిరక్కుండా ఖాళీ చేసిపోయారు. దావిత్ అయితే కిటికీకి మైనం కాగితం అతికించుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోతగా వాన పట్టుకుంది. దేముడమ్మ మార్కెట్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, కాసులు పోసి కొన్న సరుకంతా వానపాలైందని ఏడుస్తూ మెట్లెక్కింది. పైన చూస్తే ఒక్క చేప కూడా తడవలేదు. చికోండి తన దుప్పటీ పరిచి, చేపలన్నీ దాంట్లోకి ఊడ్చి, మంచం మీద పోసి, తను నేల మీద కూర్చున్నాడు. ఎందుకలా చేశావని సైగ చేస్తే వచ్చీరాని తెలుగులో చెప్పాడు. వాళ్ళ అమ్మ కూడా సరస్సు చేపలు ఇలాగే ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. ఈ వాసన వస్తే అతనికి బాగా నిద్ర పడుతుంది.

దేముడమ్మ ఏడుపు ఆపేసింది. ఆమె నెత్తళ్ళ వాసనకి నిద్ర పట్టిందన్నవాడిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మీ అమ్మ సేపలమ్ముతాదేటి? ఓలమ్మో! మరి సెప్పవేటిరా తమ్ముడూ!" అంది.

ఆ ఒక్క మాటతో పని పూర్తయిపోయింది. దేముడమ్మకి తమ్ముడంటే హరిబాబుకి బావమరిది. వాళ్ళ కూతురు దేవికి మేనమామ. హరిబాబుకి చెల్లెలు వరసయ్యే ఎదురింటి తాయారు "అయితే నాకు బావే" అని సాయంత్రానికల్లా తేల్చేసి, మర్నాటి నుంచి వేళాకోళం మొదలుపెట్టింది. హరిబాబు తల్లి దాలమ్మకి చికోండి అనడానికి నోరు తిరగలేదు. కొండబాబు అనేసింది. వీధి వీధంతా అదే ఖాయం చేసింది.

తర్వాత రెండేళ్ళలో కొండబాబు తెలుగు నేర్చుకున్నాడు. వంటింట్లో నేర్చుకున్న తెలుగు కాబట్టి అచ్చం దేముడమ్మలాగే మాట్లాడేవాడు. ఫోటో అడిగిన కుర్రాళ్ళతో "ఏటి బావా, ఎండ మండిపోతన్నాది, నీడలోకి రా" అంటే వాళ్ళ చేతిలో ఫోను జారిపోయేది. దావిత్ మాత్రం నమ్మలేదు. "నిన్ను ముద్దుపేరుతో పిలుస్తున్నారు, అంతే. కుక్కపిల్లకి కూడా పెడతారు పేరు" అన్నాడు. ఆ మాట అబద్ధమని చికోండి వాదించాడు గానీ, రాత్రి మంచమెక్కాక అది నిజమేమోనని భయపడేవాడు. నిజమో కాదో తేల్చుకునే దారి కూడా అతనికి కనపడలేదు.

ఇంతలో దేవి పెళ్ళి కుదిరింది.

దేవి నర్సు. విజయనగరంలో పెద్దాసుపత్రిలో ఉద్యోగం. అక్కడే అంబులెన్స్ నడిపే ఈశ్వర్‌ని తనే చూసుకుని, ఇంట్లోవాళ్ళకి తర్వాత చూపించింది. ఈశ్వర్ అంటే అందరికీ ఇష్టమే. చిక్కంతా మేనమామతో వచ్చింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకు రావలసింది మేనమామ. దేముడమ్మకి స్వయానా అన్న ఉన్నాడు. కళింగపట్నంలో పడవలున్న నూకయ్య. కానీ నూకయ్య అలిగి ఉన్నాడు.

అలకకి కారణం పండుగప్ప తలకాయ. మూడేళ్ళ క్రితం హరిబాబు ఈ ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు నూకయ్యే స్వయంగా పండుగప్ప తెచ్చాడు. వడ్డనలో ఆ చేప తలకాయ నూకయ్య ఆకులో పడకుండా హరిబాబు పెదనాన్న కొడుకు ఆకులో పడింది. నూకయ్య ఆకు మడిచి లేచిపోయాడు. అంతటితో రాకపోకలు పోయాయి. పెళ్ళి కుదిరాక హరిబాబు శుభలేఖ పట్టుకుని కళింగపట్నం వెళ్ళి పిలిచాడు. "నాను రాను" అన్నాడు నూకయ్య. హరిబాబు శుభలేఖ గుమ్మంలో పెట్టి వచ్చేశాడు.

"రానన్నోడిని ఎత్తుకొస్తానేటి?" అన్నాడు ఇంటికొచ్చాక.

దేముడమ్మ ఒక పూటంతా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని మేడ మీదికి చూసి, "నాకు ఒక్కడే అన్నదమ్ముడేటి? కొండబాబు ఎత్తుతాడు గంప" అంది.

తమ్ముడి మీద ప్రేమతో అందో, అన్న మీద కసితో అందో అప్పటికి ఆమెకే తెలియదు. చికోండి మాత్రం ఆ మాట విని ఉన్నచోటే లేచి నిలబడిపోయాడు. వాళ్ళ దేశంలో పిల్లకి తండ్రి ఉన్నా పెళ్ళి మాట మాట్లాడేది మేనమామే. ఆయన ఊఁ అంటేనే పెళ్ళి, ఊఁహూఁ అంటే లేదు. చికోండిని కాలేజీకి పంపింది కూడా వాళ్ళ మేనమామే. అంత పెద్ద పీట తనకి వేస్తారని అతను కల్లో కూడా అనుకోలేదు. గంప ఎత్తడమొక్కటే తన పనని ఇక్కడివాళ్ళూ అతనికి చెప్పలేదు.

అందుకని బాధ్యతలన్నీ నెత్తినేసుకున్నాడు. ముందు దేవిని పక్కకి పిలిచి, "ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా గుంటా? బయపడకుండా సెప్పు" అని గంభీరంగా అడిగాడు.

"ఆయన్ని తెచ్చి సూపించిందే నాను గదా మావయ్యా" అంది దేవి నవ్వాపుకుంటూ.

అయినా అతను మూడుసార్లు అడిగాడు. వాళ్ళ ఊళ్ళో అలాగే అడుగుతారు.

తాంబూలాల రోజు మరీ విచిత్రం. మగపెళ్ళివారు పళ్ళేలతో వచ్చి కూర్చున్నారు. చికోండి చంకలో కోడిపెట్ట పెట్టుకుని మేడ దిగి, తిన్నగా పెళ్ళికొడుకు మేనమామ గణపతిరావు ముందుకెళ్ళి నిలబడ్డాడు. పెళ్ళికూతురి మేనమామ పెట్టని ఇస్తాడు, పెళ్ళికొడుకు మేనమామ పుంజుని ఇస్తాడు, రెండూ చేతులు మారితేనే పెళ్ళి ఖాయమైనట్టు అని చెప్పి, "మరి మీ పుంజేది?" అని అడిగాడు.

గణపతిరావుకి ముచ్చెమటలు పోశాయి. ఇది తన దేశపు ఆనవాయితీ అని చికోండి చెప్పలేదు, ఆడపెళ్ళివారి ఆనవాయితీ అయి ఉంటుందని గణపతిరావు అనుకున్నాడు. మాట పడడం ఇష్టంలేక, "మేం తగ్గుతామేటి? ఇప్పుడే తెప్పిస్తన్నాను" అని లేచి, తనే వీధిలో పడి ఇంటింటికీ తిరిగి ఒక పుంజుని పట్టుకొచ్చాడు. కోళ్ళు చేతులు మారాయి. పెట్ట గణపతిరావు తెల్లచొక్కా పాడుచేసింది. చప్పట్లు కొట్టారు. సాయంత్రం రెండిటినీ కూర వండేశారు. తింటూ తింటూ దాలమ్మ, "ఇది మనకాడ ఎప్పటినుంచో ఉన్నదే. మా అమ్మమ్మ పెళ్ళిలో కోడి మారినాది. మద్దిలో మనమే మరిసిపోనాం" అని తీర్పు చెప్పింది. ఆమె మాటకి ఎదురుచెప్పే వయసున్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

ఇక గంప. చికోండి పొడుగే గానీ బక్కపలచన. దేవి నర్సుద్యోగంలో చేరాక కాస్త ఒళ్ళు చేసింది. రోజూ సాయంత్రం గంపలో బియ్యం బస్తా పెట్టుకుని పెరట్లో తిరగడం మొదలెట్టాడు. బస్తా మనిషిలా కదలదు, మనిషైతేనే అలవాటవుతుందని హరిబాబు తనే గంపలో కూర్చున్నాడు. నాలుగడుగులు వేశాక గంప అడుగు ఊడి హరిబాబు నేల మీద కూలబడ్డాడు. తాయారు గోడవతల నుంచి, "బావా, పెల్లికూతురు బాగున్నాదేటి?" అని అరిచింది. బొబ్బిలి సంతలో కొత్త గంప కొన్నారు, ఈసారి ఇనప తీగ కూడా చుట్టించారు.

ఇదంతా చూసి దావిత్ తల పట్టుకున్నాడు. "నీకు అర్థం కావడం లేదు. నల్లవాడు గంప ఎత్తితే వీడియో బాగుంటుంది వాళ్ళకి. ఆల్బమ్‌లో నువ్వొక బొమ్మవి. అసలువాడు వస్తే నువ్వెవరు?"

"అసలోడు రానన్నాడు" అన్నాడు చికోండి తెలుగులోనే.

పెళ్ళి 2017 వేసవిలో, ఇంటి ముందు వేసిన పందిట్లో. ముహూర్తం పొద్దున్నే. దేముడమ్మ చికోండికి కొత్త పట్టుపంచె తనే దగ్గరుండి కట్టించింది. మధ్యలో ఊడిపోతే పరువు పోతుందని నడుముకి తాడు బిగించి, దాని మీద తువ్వాలు చుట్టి, ముళ్ళ మీద ముళ్ళు వేయించింది. సన్నాయి మొదలైంది. గంప పసుపూ కుంకుమా పెట్టుకుని సిద్ధంగా ఉంది. చికోండి చేతులు రుద్దుకుంటూ దాని పక్కన నిలబడ్డాడు. అంత గర్వంగా అతను ఆ దేశంలో ఏనాడూ నిలబడలేదు.

అప్పుడు వీధి మలుపులో రెండు ఆటోలు హారన్లు కొట్టుకుంటూ వచ్చాయి. ముందు ఆటోలోంచి నూకయ్య దిగాడు. చేతిలో పట్టుచీర పొట్లం. వెనకాల ఇద్దరు మనుషులు పండుగప్పని మోసుకొస్తున్నారు.

"నా మేనకోడలి గంప ఎవుడ్రా ఎత్తీది?" అని పందిరి అదిరిపోయేలా కేకేశాడు.

దేముడమ్మ పరుగెత్తుకెళ్ళి అన్న మెడ పట్టుకుని భోరుమంది. నూకయ్య కూడా ఏడ్చాడు. మూడేళ్ళ ఏడుపు కదా, తెమలడానికి కాస్త సమయం పట్టింది. అందరూ వాళ్ళ చుట్టూ మూగారు. ఎవరో గంపని జరిపి నూకయ్య ముందు పెట్టారు. గంప వెళ్ళిపోయాక ఆ చోట చికోండి ఒక్కడే మిగిలాడు.

"అన్నా" అంటూ అతను ముందుకెళ్ళి నవ్వాడు. నూకయ్య అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. చెల్లెలి వైపు తిరిగి, "ఇతను పైదేసం గెస్టు గదా, ముందు వరసలో కుర్సీ ఎయ్యించు" అన్నాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మూడేళ్ళ తర్వాత వచ్చిన అన్న మళ్ళీ ఆకు మడిచి లేచిపోతాడేమోనని దేముడమ్మ భయపడింది. "అవును, నువ్వు కూకో కొండబాబూ. నువ్వు గెస్టువి గదా" అంది గబగబా.

ఆమె నోట తమ్ముడన్న మాట రాలేదు. అది చికోండి ఒక్కడికే వినపడింది.

వెంటనే కుర్చీ వచ్చింది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ కాదు, తెల్లగుడ్డ తొడిగినది. చేతిలో కూల్‌డ్రింకు పెట్టారు. ఫ్యాను అతని వైపు తిప్పారు. పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి, అటొకరు ఇటొకరు నిలబడి, భుజాల మీద చేతులు వేశారు. ఫోటో పడింది. చేతులు తీసేసి వెళ్ళిపోయారు. చికోండి కూల్‌డ్రింకు ముట్టకుండానే కుర్చీ కింద పెట్టి, లేచి, ఎవరికీ చెప్పకుండా మేడ మెట్లెక్కాడు.

పైన దావిత్ బట్టలు ఆరేస్తున్నాడు. చికోండి మొహం చూడగానే అర్థమైపోయింది. "నేను ముందే చెప్పాను" అని అనకుండా ఉండడానికి చాలా ప్రయత్నించి, చివరికి అనేశాడు. తర్వాత జాలిపడి, "పంచె మార్చుకో. కాంప్లెక్స్ దగ్గరికెళ్ళి బిర్యానీ తిందాం. నువ్వు లేవని వాళ్ళకి రేపు ఫోటోలు చూసుకునేదాకా తెలియదు" అన్నాడు.

చికోండికి కూడా వెళ్ళిపోవాలనే ఉంది. కానీ పంచె ముళ్ళు రాలేదు. దావిత్ పళ్ళతో లాగినా రాలేదు. చేసేది లేక మంచం మీద కూర్చున్నాడు. కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది అతనికి. తను ఇలా లేచి వచ్చినందుకు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే బాగుండునని మనసులో ఒక మూల కోరుకుంటున్నాడు. ఇరవై మూడేళ్ళ మగవాడు, చిన్నపిల్లాడిలా అలా కోరుకోవడమే అతనికి సిగ్గు. అయినా చెవులు మాత్రం కిందనే ఉన్నాయి.

కింద ముందుగా వినపడింది దాలమ్మ గొంతు.

"కొండబాబేడి? కుర్సీ కాళీగా ఉన్నాది."

"పైకెల్లిపోనాడు" అంది తాయారు.

"సెప్పి ఎల్లినాడేటి?"

"నేదు. డ్రింకు కూడా ముట్టనేదు."

ముసలమ్మ ఆనందం పట్టలేక అరిచింది. "ఓలమ్మో! కొండబాబు అలిగినాడర్రా!"

సన్నాయి ఆగిపోయింది. డోలు ఒక దెబ్బ ఎక్కువ కొట్టి ఆగింది. పందిట్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఈ విషయంలో ఆ ప్రాంతంలో పండితులు కానివాళ్ళు లేరు. కడుపునొప్పేమో అని ఎవరో అన్నారు. కాదు, దేశం కాని దేశంలో పెళ్ళి చూసి అమ్మ గుర్తొచ్చి ఉంటుందన్నారు ఇంకొకరు. అతిథి కదా, అతిథికి అలకేమిటని గణపతిరావు అడిగాడు.

"గెస్టు అలగడు నాయనా" అంది దాలమ్మ. "గెస్టయితే దణ్ణం పెట్టి, సెప్పి ఎల్తాడు. డ్రింకు ఒగ్గీసి, సెప్పకుండా ఎల్లినాడంటే ఆడు సుట్టమే!"

పైన దావిత్ కిటికీ కాగితం పక్కకి తీసి కిందికి చూసి కంగారుపడ్డాడు. "పెళ్ళెందుకు ఆపేశారు? ఏమంటున్నారు?"

"నేను అలిగానంటున్నారు."

"అంటే?"

చికోండి ఇంగ్లీషులో మాట కోసం వెతికాడు. దొరకలేదు. వాళ్ళ చిచేవా భాషలో వెతికాడు, అక్కడా సరిపోలేదు. "కోపం కాదు. కోపం వస్తే మనిషి వెళ్ళిపోతాడు. ఇదేమిటంటే, వెళ్ళి కొంచెం దూరంలో కూర్చుని, పిలవడానికి వస్తారా రారా అని చూడడం."

"మరి నువ్వు చేస్తున్నదేంటి?"

చికోండి గుమ్మం వైపు చూశాడు. "అదే" అన్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు దేముడమ్మ వచ్చింది, చేతులకి పసుపు, కళ్ళకి కాటుక కారిపోయి. వెనక హరిబాబు. అతని వెనక రొప్పుకుంటూ నూకయ్య. కింద నుంచి పంతులుగారు, "అమ్మా, ముహూర్తం దాటిపోతోంది, గంప తెప్పించండి!" అని మొత్తుకుంటున్నారు.

"ఒరే, మీ అన్నదమ్ములిద్దరూ నా పేనం తోడీడానికి పుట్టినారేటిరా!" అంటూ అందుకుంది దేముడమ్మ. "ఒకడు సేప తలకాయకి మూడేళ్ళు అలిగినాడు. రెండోవోడు పీటల మీద పెల్లి పెట్టుకుని అలిగినాడు! ఎవుడి గెడ్డం పట్టుకోవాల నాను?" అని అరిచి అరిచి, అంతలోనే గొంతు దిగిపోయింది. "గెస్టని నా నోటితో నానే అన్నాను. నా నోరు పడిపోను. అన్న మల్లీ ఎల్లిపోతాడని బయమేసినాదిరా. నువ్వెల్లిపోతావని అనుకోనేదు. లెగు తమ్ముడూ. రా."

ఆ మాట చాలు చికోండికి. మంచం మీంచి గబుక్కున లేచాడు.

భుజం మీద ఒక చెయ్యి పడింది. బరువైన చెయ్యి, ఏళ్ళ తరబడి వలలు లాగిన చెయ్యి. అది అతన్ని మళ్ళీ మంచం మీదికి అదిమి కూర్చోబెట్టింది.

"కూకో" అన్నాడు నూకయ్య.

అందరూ బిత్తరపోయారు. నూకయ్య తీరిగ్గా వచ్చి అతని పక్కన మంచం మీద కూర్చున్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"అలగడం తెలీదేటిరా నీకు? తలుపు బార్లా తీసీసి కూకుంటారేటి? గెడెయ్యాల" అన్నాడు. తర్వాత హరిబాబు వైపు చూశాడు. "ఈ బావ నా కాడికి ఒక్కపాలి వచ్చినాడు. నాను రానన్నాను. అంతే, ఎల్లిపోనాడు. రెండోపాలి వస్తాడని గుమ్మం కాడే కూకున్నాను. ఏటకి ఎల్లడం కూడా మానీసినాను. మొదటిపాలి ఎవులైనా పిలుస్తారు, అది మర్యాద. రెండోపాలి పిలిసీవోళ్ళే మనోళ్ళు. ఎవుడూ రానేదు. నా గంప ఇంకెవుడో ఎత్తుతన్నాడని కబురొచ్చినాది. అదే రెండో పిలుపనుకుని వచ్చీసినాను, సిగ్గొగ్గీసి."

హరిబాబు తల దించుకున్నాడు. దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా దావిత్ చేతిలో తడిచొక్కా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"గంప నానొక్కణ్ణే ఎత్తనేను" అన్నాడు నూకయ్య. "నా నడుం పడిపోనాది. గుంట సూస్తే బాగా బలిసినాది. సెరో పక్కా పట్టాల."

"ఇనిపిస్తన్నాది మావయ్యా!" అని కింద నుంచి పెళ్ళికూతురు అరిచింది.

"ముహూర్తం!" అని పంతులుగారు అరిచారు.

"అయితే లెగండి, ఇద్దరూ రండి!" అని దేముడమ్మ వాళ్ళ చేతులు పట్టుకోబోయింది. చికోండి మళ్ళీ లేవబోయాడు. నూకయ్య మళ్ళీ అదిమాడు.

"నువ్వు సిన్నోడివి, నీకు తెలీదు, ఊరుకో" అని అతనితో చెప్పి, చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు గుమ్మం బయటికెల్లి, ఇంకోపాలి వచ్చి పిలవే. మొదటి పిలుపుకే లెగిసి వచ్చీసినాడంటే, మన ఇంటి పరువేటవుతాది?"

దేముడమ్మ ఏడుస్తూనే వెనక్కి తిరిగి గుమ్మం బయటికి నడిచింది. చికోండి సర్దుకుని కూర్చున్నాడు. అలిగినవాడు ఎలా కూర్చోవాలో ఇప్పటికి తెలిసింది కాబట్టి మొహం గోడవైపు తిప్పుకుని, ఆమె మళ్ళీ వచ్చి పిలిచేదాకా నవ్వు కనపడకుండా పళ్ళు బిగబట్టుకున్నాడు.